రెండో పుస్తకంలోని పేర్లు

(తాడిపత్రిలో బండల ఫ్యాక్టరీల యజమానులు, కార్మికులు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న యజమానులకు, పక్కనున్న అక్కచెల్లెళ్లకు, తలుపు దగ్గర నిలబడిన అన్నదమ్ములకు. తలుపు దగ్గర ఉన్నవాళ్లు దయచేసి లోపలికి రండి. కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, ఈ సభ పెట్టింది మీ కోసమే.

ఇరవై రెండేళ్ల వయసులో నేను ఈ ప్రాంతంలోనే ఒక బండల ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరాను. నా బల్ల సొరుగులో రెండు పుస్తకాలు ఉండేవి. ఒకటి ఎర్ర అట్ట వేసిన హాజరు పట్టిక. అందులో తొమ్మిది పేర్లు. పది పేర్లయితే ఈఎస్ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా చందా కట్టాలి కాబట్టి తొమ్మిది దగ్గర ఆపేవాళ్లం. రెండోది బడిపిల్లలు రాసుకునే రెండు వందల పేజీల నోటుపుస్తకం. అందులో ముప్పై నాలుగు పేర్లు. అధికారి వస్తే ఎర్ర పుస్తకం బల్ల మీదికి వచ్చేది. శనివారం సాయంత్రం బట్వాడా వేళకు నోటుపుస్తకం వచ్చేది. పేరు పక్కన రోజులు, రోజుల పక్కన కూలి, దాంట్లోంచి అడ్వాన్సు కోత. సంతకం లేదు, వేలిముద్ర లేదు. ఏడాది తిరిగేసరికి నోటుపుస్తకం నిండిపోతుంది. నిండినదాన్ని పాత కాగితాలవాడికి తూకానికి వేసేవాళ్లం.

ఒక వానాకాలంలో కటింగ్ మిషన్ కింద పడి ఒక అన్న కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. యజమాని కఠినాత్ముడేమీ కాదు. తన కారులోనే అనంతపురం తీసుకెళ్లాడు. ఆసుపత్రి ఖర్చు భరించాడు, ఇంటికి రెండు బస్తాల బియ్యం పంపాడు. కానీ ఆరు నెలల తర్వాత ఆ అన్న నష్టపరిహారానికి అర్జీ పెట్టుకున్నప్పుడు విచారణకు వచ్చినవారికి నేను ఎర్ర పుస్తకం ఇచ్చాను. ‘ఈ పేరు గల వ్యక్తి మా వద్ద పనిచేయలేదు’ అని తెల్లకాగితం మీద రాసింది నా చెయ్యి. ఆ అన్న ఎదురుగానే నిలబడి ఉన్నాడు. చేతిని తువ్వాలు కింద దాచుకున్నాడు. నన్ను తిట్టలేదు. ‘ప్రతి శనివారం నా పేరు పిలిచింది నువ్వే కదా నాయనా’ అన్నాడు.

ఆ మాట నా చెవిలో ఇప్పటికీ ఉంది. ఆ కొలువు మానేశాను. ఆ తర్వాత నేర్చుకున్న పని ఒక్కటే: రెండో పుస్తకంలోని పేర్లను మొదటి పుస్తకంలోకి తేవడం. ఇన్నేళ్లలో అందులో తెలుసుకున్నది మీ ముందు పెడతాను.

ఇలాంటి సభల్లో కార్మికులకు అవగాహన లేదని తరచూ అంటారు. నేను ఒప్పుకోను. చేతికి నగదు తీసుకునే కార్మికుడు లెక్క వేసుకునే తీసుకుంటున్నాడు. తనకు కనిపించిన అంకెలతో వేసిన లెక్క అది, ఆ అంకెల మేరకు సరైనదే. కనిపించని అంకెలు కొన్ని ఉన్నాయి. వాటిని పక్కన కూర్చుని చూపించాలి. ఉపన్యాసంతో అది జరగదు, కాగితం, కలం కావాలి. అందుకే ఈ బోర్డు తెప్పించాను.

రోజుకు 600 కూలి, నెలకు 26 రోజులు. మొత్తం 15,600 రూపాయలు. నగదైతే మొత్తం చేతికి వస్తుంది. ఇప్పుడు పేరు రాతలోకి వచ్చిందనుకోండి. భవిష్య నిధికి అంటే పీఎఫ్‌కు 15,000 పరిమితి మీద 12 శాతం, 1,800 పట్టుకుంటారు. ఈఎస్ఐకి 0.75 శాతం, 117 రూపాయలు. మొత్తం 1,917 తగ్గి చేతికి 13,683 వస్తుంది. కార్మికుడు ఇక్కడ ఆగిపోతాడు. ‘దాదాపు రెండు వేలు పోయాయి, నాకొద్దు’ అంటాడు. ఇక్కడ ఆగితే అతను అన్నదే నిజం.

ఇంకో వరుస రాద్దాం. యజమాని తన వంతుగా 1,800 కడతాడు. అందులో 1,250 పింఛను ఖాతాకు, 550 పీఎఫ్ ఖాతాకు వెళతాయి. పీఎఫ్‌తో పాటు ఉండే జీవిత బీమాకు 75, నిర్వహణకు 75, ఈఎస్ఐకి 3.25 శాతం అంటే 507. మొత్తం 2,457. ఈ డబ్బు నగదు కూలిలో ఎక్కడా లేదు. ఇక మొదటి వరుసలో పోయిందనుకున్న 1,917 చూడండి. అందులో 1,800 అతని పేరు మీదే ఉంది. 2024-25కు దాని మీద వడ్డీ 8.25 శాతం ఇచ్చారు. నిజంగా చెయ్యి దాటింది 117 మాత్రమే. యజమాని వేసే 550 కూడా కలిపితే పీఎఫ్‌లో నెలకు 2,350, ఏడాదికి 28,200. వడ్డీ కలపకుండానే పదేళ్లకు 2,82,000.

ఆ 117 దేనికి పనికొస్తుందో కూడా చెప్పాలి. ఈఎస్ఐ అంటే మాత్రలు, సిరప్పు అనుకుంటారు చాలామంది. నిబంధన మేరకు చందా రోజులు నిండి, జబ్బుపడి పనిలోకి రాలేకపోతే, ఏడాదిలో 91 రోజుల దాకా కూలిలో 70 శాతం ఇస్తారు. 600 కూలికి రోజుకు 420. పనిలో దెబ్బ తగిలి మంచాన పడితే 90 శాతం. బండలు కోసేచోట పీల్చే దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్ మీకు కొత్త కాదు. ఆ పేరు తెలియకపోయినా ఆ దగ్గు మీకు తెలుసు. చట్టం దాన్ని వృత్తి వ్యాధిగా గుర్తించింది. కానీ ఆ దుమ్ము ఏ ఫ్యాక్టరీలో పీల్చారో చెప్పే కాగితం లేకపోతే ఆ గుర్తింపుతో మీకు ఒరిగేది ఏమీ లేదు.

పింఛను గురించి ఇంకొక్క మాట. పదేళ్ల చందా ఉంటే 58 ఏళ్లకు పింఛను వస్తుంది. ముప్పై ఏళ్లకు చేరి 28 ఏళ్లు కట్టినవాడికి 15,000 జీతం మీద, 28తో హెచ్చించి 70తో భాగిస్తే నెలకు 6,000 అవుతుంది. 20 ఏళ్లు దాటిన సర్వీసుకు మరో రెండేళ్లు కలుపుతారు కాబట్టి ఇంకొంచెం ఎక్కువే వస్తుంది. ఈ సభలో ఎవరికీ తెలియదనిపించే సంగతి ఒకటి ఉంది: ఒక్క నెల చందా కట్టి, ఉద్యోగంలో ఉండగా మనిషి పోయినా భార్యకు పింఛను ఉంటుంది. పీఎఫ్‌తో ఉండే ఆ జీవిత బీమా కింద గరిష్ఠంగా 7 లక్షల దాకా వస్తుంది. ఆ అక్క వెనక వరుసలో తల ఊపుతున్నారు. మీ ఇంట్లో జరిగిందో, పక్కింట్లో చూశారో నాకు తెలియదు. సభ అయ్యాక మాట్లాడదాం, అమ్మా.

ఇప్పుడు కష్టమైన ప్రశ్నకు వస్తాను. ‘పీఎఫ్ కడితే రేషన్ కార్డు పోతుంది.’ ఈ భయాన్ని అపోహ అని కొట్టిపారేసే అధికారులను చూశాను. అది అపోహ కాదు. మన రాష్ట్రంలో బియ్యం కార్డుకు కుటుంబ ఆదాయ పరిమితి గ్రామాల్లో నెలకు 10,000, పట్టణాల్లో 12,000 అని పెట్టారు. 15,600 రాతలోకి వస్తే ఆ గీత దాటినట్టే. నేను ఎవరికీ కార్డు ఉంటుందని హామీ ఇవ్వను. హామీ ఇచ్చి, అది పోతే ఆ వాడలో నా మాట మళ్లీ ఎవరూ వినరు. దీనికీ లెక్కే వేస్తాను. నలుగురున్న ఇంటికి మనిషికి 5 కిలోల చొప్పున 20 కిలోల బియ్యం. బజారులో కిలో 50 వేసుకుంటే 1,000 రూపాయలు. యజమాని వేసే 2,457 పక్కన ఈ వెయ్యి పెట్టి చూసుకోండి. అయితే కార్డంటే బియ్యం ఒక్కటే కాదని నాకూ తెలుసు. ఆసుపత్రి, పిల్లల ఫీజులు, రేపటి వృద్ధాప్య పింఛను అన్నీ ఆ కార్డు చుట్టూ తిరుగుతున్నాయని మీ మనసులో ఉంటుంది. ఒక్కో ఇంటికి ఒక్కో లెక్క. ఇద్దరు చిన్నపిల్లలున్న ఇంటికి ఒకలా, గుండె జబ్బు ఉన్న తల్లి ఉన్న ఇంటికి ఇంకోలా ఉంటుంది.

ఈ విషయంలో నా అభిప్రాయం గట్టిగా చెబుతాను. తప్పు కార్మికుడిది కాదు, నిబంధనది. రాతలోకి వచ్చిన మొదటి నెలలోనే పథకాలు ఆగిపోతే ఏ తెలివైనవాడూ రాతలోకి రాడు. కనీసం మూడేళ్ల వ్యవధి ఇవ్వాలి. ఆ మూడేళ్లలో ఇల్లు నిలదొక్కుకుంటుంది. ఈ మాట నేను అర్జీల్లో రాస్తున్నాను, రాస్తూనే ఉంటాను. ఈ సభ తరఫున కూడా ఒక అర్జీ పంపుదాం.

యజమానులకు చెప్పాల్సింది వేరే ఉంది. మీరు తరచూ అంటారు, ‘20 మంది అయితే పీఎఫ్, కాబట్టి 19 చాలు’ అని. కొందరు ఒకే ఆవరణలో భర్త పేరున ఒక సంస్థ, భార్య పేరున ఇంకొకటి నడుపుతారు. విభాగాలు, శాఖలు అన్నీ కలిసి ఒకే సంస్థ అన్నది చట్టంలో ఎప్పటినుంచో ఉంది. మేస్త్రీ తెచ్చిన మనుషులు మేస్త్రీ మనుషులని వదిలేయడం కూడా కుదరదు. గుత్తేదారు కట్టకపోతే అసలు యజమాని కట్టాలి. ఒకసారి పరిధిలోకి వచ్చాక మనుషులు 20 కంటే తగ్గినా బయటికి వెళ్లలేరు. ఈ సూత్రాలన్నీ తెలిసిన కన్సల్టెంట్లు మీకున్నారు. నేనూ ఒకప్పుడు అలాంటి పనే చేశాను కాబట్టి చెబుతున్నాను: ఆ 19 అంకెను కాపాడటానికి మీరు పడే అవస్థ, పెట్టే ఖర్చు ఒకసారి లెక్కకట్టండి.

పోయిన నెల మీలో ఒకరు నాతో అన్నారు, పనివాళ్లు దొరకడం లేదని. పెనుకొండ దగ్గర కియా కార్ల తయారీ 2019లో మొదలైంది. మన పిల్లలు అక్కడికి, దాని చుట్టూ వచ్చిన కంపెనీలకు ఎందుకు వెళ్తున్నారు? కూలి ఒక్కటే కారణం కాదు. బండి కొనడానికి బ్యాంకుకు వెళ్తే జీతం చీటీ అడుగుతారు. పెళ్లి చూపుల్లో ‘పీఎఫ్ ఉందా’ అని అడుగుతున్నారు. మీ దగ్గర పదేళ్లు నమ్మకంగా పనిచేసినవాడి దగ్గర చూపించడానికి ఏమీ లేదు.

పాత బాకీ భయం మీకుంది, నాకు తెలుసు. ఇన్నేళ్లుగా రాయని మనిషిని ఇప్పుడు రాస్తే వెనకటి లెక్క తీస్తారేమో అని. దాని కోసమే భవిష్య నిధి సంస్థ 2025 నవంబరు 1న ఒక నమోదు పథకం మొదలుపెట్టింది. 2017 జులై 1 నుంచి 2025 అక్టోబరు 31 దాకా వదిలేసిన కార్మికులను యజమానే స్వయంగా చూపిస్తే, కూలిలోంచి కోయని కార్మికుడి వాటా కట్టక్కర్లేదు. తన వాటా, దాని వడ్డీ, నిర్వహణ రుసుము కట్టాలి. జరిమానా వంద రూపాయలు. గడువు 2026 ఏప్రిల్ 30 అని పెట్టారు. కొత్తగా తీసుకునేవాళ్లకు ఇంకో పథకం ఉంది, ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన. 2025 ఆగస్టు 1 నుంచి 2027 జులై 31 మధ్య మొదటిసారి పీఎఫ్‌లోకి వచ్చేవారికి ఒక నెల జీతం, 15,000 దాకా రెండు విడతల్లో వస్తుంది. అదనంగా మనుషులను చేర్చుకున్న యజమానికి మనిషికి నెలకు 3,000 దాకా రెండేళ్లు వస్తుంది. తయారీ రంగానికి నాలుగేళ్లు. 50 మంది కంటే తక్కువ ఉన్నచోట కనీసం ఇద్దరిని అదనంగా చేర్చుకోవాలి. 20 మంది లేకపోయినా, యజమాని, ఎక్కువమంది కార్మికులు ఒప్పుకుంటే ఇష్టపూర్వకంగా పీఎఫ్‌లో చేరవచ్చు. ఇవన్నీ పక్కపక్కన పెట్టి మీ గుమాస్తాతో ఒక సాయంత్రం కూర్చోండి. కావాలంటే నేనూ వస్తాను, ఫీజు తీసుకోను.

నాకు బాధ కలిగించే పద్ధతి ఒకటి ఉంది. పేరు రాస్తారు, కానీ సగమే రాస్తారు. ఇచ్చేది 15,600, పుస్తకంలో 8,000. మిగిలింది కవరులో. కార్మికుడికీ అది హాయిగానే ఉంటుంది, కోత తక్కువ కాబట్టి. వేలు తెగిన రోజున పరిహారం 8,000 మీద కడతారు. ప్రసూతి సెలవు, పింఛను అన్నీ 8,000 మీదే. కవరులోని డబ్బు ఏ లెక్కలోకీ రాదు. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక స్మృతులు, అంటే కొత్త కార్మిక చట్టాలు అమల్లోకి వచ్చాయి. భత్యాల పేరుతో మూలవేతనాన్ని తగ్గించడానికి వాటిలో హద్దు పెట్టారు, మొత్తంలో సగానికి మించిన భత్యాలు వేతనంలోనే కలుస్తాయి. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి. ఒక్క పేజీ చాలు. పేరు, పని, చేరిన తేదీ, కూలి, సంతకం. ఆ పేజీ నా కాలంలో ఉండి ఉంటే నా చెయ్యి ఆ అబద్ధం రాసేది కాదు.

ఇక ఆచరణలో ఎక్కడ చిక్కుపడుతుందో చెబుతాను. పెద్ద పెద్ద మాటలన్నీ అయ్యాక పని ఆగేది పేరు దగ్గర. ఆధార్‌లో పెద్ద ఓబులేసు, బ్యాంకులో పి. ఓబులేసు, ఓటరు కార్డులో ఓబులేశు. పుట్టిన తేదీ సగం మందికి జనవరి 1. ఆధార్, బ్యాంకు వివరాలు కలవకపోతే ఖాతా తెరుచుకోవడం కష్టం, తెరుచుకున్నా డబ్బు తీసుకునే రోజున ఇరుక్కుంటుంది. మొన్న ఒక అక్క వచ్చారు. పదిహేనేళ్లుగా బండలు పాలిష్ అయ్యాక కడిగి, అంచులు రుద్దే పని. వేలిముద్ర యంత్రం మీద బొటనవేలు పెట్టారు, పడలేదు. చూపుడు వేలు, పడలేదు. పది వేళ్లూ పెట్టారు. నేను ఆ చేతిని వెలుతురులోకి తిప్పి చూశాను. వేళ్ల కొసలు గాజులా నున్నగా ఉన్నాయి, ఒక్క గీత లేదు. రాతిని నున్నగా చేస్తూ చేస్తూ వేళ్లూ నున్నబడ్డాయి. ‘నాకు ముద్రలు లేవంటయ్యా, నేను లేనట్టేనా’ అని అడిగారు. ఇప్పుడు పీఎఫ్ నంబరు ఫోనులో ప్రభుత్వ ఉమంగ్ యాప్ ద్వారా ముఖం చూపించి తెచ్చుకోవచ్చు. మసక వెలుతురులో రెండుసార్లు విఫలమైంది. బయట ఎండలో నిలబెట్టి, కొంగు తల మీద నుంచి తీయించి, కళ్లు ఆర్పమన్నాం. పన్నెండు అంకెల నంబరు వచ్చింది. ఆవిడ దాన్ని చూపించమని, కాగితం మీద పెద్దగా రాయించుకుని వెళ్లారు.

ఆవిడ గురించే ఇంకో మాట. అన్నేళ్లూ ఆవిడ కూలి భర్త పేరు మీదే రాశారు. జంట కూలి అంటారు దాన్ని. నా నోటుపుస్తకంలో కూడా ముప్పై నాలుగు పేర్లలో జంటలు ఎన్నో ఉండేవి. ఆడమనిషి పేరు లేదు, పక్కన ‘+1’ అని గుర్తు మాత్రమే. ఈఎస్ఐలో కనీసం 70 రోజుల చందా ఉన్న మహిళకు ప్రసూతికి 26 వారాల దాకా కూలి వస్తుంది. ‘+1’కు ఏమీ రాదు. ఎవరి కూలి వారి పేరున, వారి ఖాతాలో పడాలి. ఇందులో బేరం లేదు.

నెల జీతమంటే నెలంతా ఎలా గడపాలని భయపడేవాళ్లు ఉన్నారు. రాతలోకి రావడమంటే నెల జీతమే కానక్కర్లేదు. వారం వారం ఇవ్వడానికి చట్టం ఒప్పుకుంటుంది. శనివారం బట్వాడా శనివారమే ఉంచండి, డబ్బును ఖాతాలో వేయండి, అంతే. అడ్వాన్సు సంగతి కూడా అలాగే. యజమాని ఇచ్చే అడ్వాన్సే కార్మికుడికి బ్యాంకు. దాన్ని తీసేయమని నేను అనను. కాగితం మీద రాయండి, కోతలన్నీ కలిపి కూలిలో సగం దాటకుండా చూడండి. తీరేదాకా వేరేచోటికి వెళ్లకూడదన్న షరతు మాత్రం పెట్టకండి. దానికి 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం ఉంది, అది చిన్న నేరం కాదు.

ఈ-శ్రమ్ కార్డు ఉంది, చాలదా అని ఇందాక ఒక తమ్ముడు అడిగాడు. 2021 ఆగస్టులో మొదలైన ఆ అసంఘటిత కార్మికుల నమోదులో దేశంలో 30 కోట్లమందికి పైగా చేరారు. మంచిదే, తీసుకోండి. కానీ అందులో ఉన్నది నీ పేరు, నీ పని లాంటి నువ్వు చెప్పిన వివరాలు మాత్రమే నాయనా. నిన్ను ఎవరు పెట్టుకున్నారో, ఎంత ఇస్తున్నారో దానికి అది రుజువుగా నిలవదు.

పేరు చేరిందని నిశ్చింతగా ఉండకండి. కోసిన డబ్బు కట్టకుండా వాడుకునేవాళ్లు ఉన్నారు. పీఎఫ్‌లో నమోదైన ఫోను నుంచి 99660 44425కు మిస్డ్ కాల్ ఇస్తే ఖాతాలో చివరగా ఎంత పడిందో సందేశం వస్తుంది. నెలకు ఒకసారి ఇవ్వండి. రెండు నెలలు పడకపోతే అప్పుడే అడగండి, రెండేళ్ల తర్వాత అడిగితే దారి పొడవవుతుంది. నామినీ పేరు రాయించడం మరవకండి. పెళ్లికి ముందు అమ్మ పేరు రాసి, పెళ్లయ్యాక మార్చనివాళ్లు చాలామంది ఉన్నారు.

బయట వేపచెట్టు కింద రెండు బల్లలు వేశాం. ఒక బల్ల దగ్గర మా పిల్లలు ఆధార్, బ్యాంకు పుస్తకం, పేర్లు సరిచూస్తారు. రెండో బల్ల దగ్గర మీ లెక్క మీ ఇంటి లెక్కగా వేసి కాగితం మీద ఇస్తారు. దాన్ని ఇంటికి తీసుకెళ్లి భార్యాభర్తలు కూర్చుని చూసుకోండి, ఈ రోజే సంతకం పెట్టాల్సిన పని లేదు. నలుగురు యజమానులు నియామక పత్రాల నమూనాలు అడిగారు, అవి నా సంచిలో ఉన్నాయి. రాత్రి తొమ్మిది దాకా ఉంటాం. వేలిముద్ర పడనివాళ్లు ముందు రండి, ఇంకా కాస్త ఎండ ఉంది.